పాత జాజ్ ఎల్పీ కొనేటప్పుడు ఏం చూడాలి, ఇంటికి తెచ్చాక ఎలా వినాలి

ముందు ఎల్పీని, అంటే పాటలున్న పెద్ద వినైల్ రికార్డుని, అట్టలోంచి బయటికి తియ్యండి. అట్ట మీద ఫొటో ఎంత బావున్నా సరే, కొనాలా వద్దా అన్నది తేల్చేది లోపలున్న నల్లటి ప్లేటే. మధ్యలోని కాగితం లేబుల్‌కీ ఆఖరి గ్రూవ్‌కీ (ముల్లు నడిచే గాడికీ) మధ్య నున్నటి జాగా కొంచెం ఉంటుంది, దాన్ని డెడ్ వ్యాక్స్ అంటారు. దీపం కింద పెట్టి కొద్దికొద్దిగా వంచుతూ చూస్తే అక్కడ గీసిన అంకెలూ అక్షరాలూ కనిపిస్తాయి. ఆ రికార్డు జాతకం చాలావరకు అందులోనే ఉంటుంది: మూల ప్లేటు మీద గ్రూవ్‌లు ఎవరు చెక్కారు (దాన్నే కట్ చెయ్యడం అంటారు), ఏ ఫ్యాక్టరీలో అచ్చయింది, మొదటి దఫాదా లేక తర్వాత వేసిందా అన్నవి అక్కడే తెలుస్తాయి.

నేనుండేది న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర. ఇక్కడ మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు, కానీ ప్రపంచమంతా వెతుక్కునే జాజ్ రికార్డుల్లో చాలా వాటికి పుట్టిల్లు ఈ రాష్ట్రమేనని, ఇక్కడికొచ్చిన చాలా ఏళ్లకి గానీ నాకు తెలియలేదు. రూడీ వాన్ గెల్డర్ అని ఒకాయన, పగలు కళ్ల పరీక్షలు చేసే ఉద్యోగం, సాయంత్రమైతే హాకెన్‌సాక్‌లో తల్లిదండ్రుల ఇంటి హాల్లోనే మైకులు పెట్టి రికార్డింగులు చేసేవారు. శాక్సఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్ ‘బ్లూ ట్రెయిన్’ 1957 సెప్టెంబర్ 15న రికార్డయింది ఆ హాల్లోనే. 1959లో ఆయన ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో ఎత్తైన చెక్క కప్పుతో సొంత స్టూడియో కట్టుకున్నారు, కోల్ట్రేన్‌దే ‘ఎ లవ్ సుప్రీమ్’ 1964 డిసెంబర్ 9న పుట్టింది అక్కడ. అచ్చుకి పంపే మాస్టర్, అంటే మూల ప్లేటు కూడా ఆయనే కట్ చేసి, డెడ్ వ్యాక్స్‌లో తన గుర్తు పెట్టేవారు. మొదట్లో చేత్తో గీసిన ఆర్.వి.జి. అనే మూడు అక్షరాలు, తర్వాతి రోజుల్లో స్టాంపు గుద్దినవి. బ్లూ నోట్, ప్రెస్టీజ్, ఇంపల్స్ అనే కంపెనీల రికార్డుల్లో ఈ గుర్తు కనిపిస్తే, కట్ చేసింది ఆ చెయ్యేనని నమ్మొచ్చు.

ఇక బ్లూ నోట్ వాళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ డబ్బు పోయేదీ, ఎక్కువమంది మోసపోయేదీ ఇక్కడే. 1939లో న్యూయార్క్‌లో మొదలైన కంపెనీ, బెర్లిన్ నుంచి వచ్చిన ఆల్ఫ్రెడ్ లయన్, ఆ వెంటనే వచ్చి చేరిన ఆయన స్నేహితుడు ఫ్రాన్సిస్ వుల్ఫ్ నడిపారు. లేబుల్ మీద కంపెనీ అడ్రసు చూస్తే సుమారుగా ఏ కాలానిదో చెప్పొచ్చు. 767 లెక్సింగ్టన్ అవెన్యూ అంటే పాతది, 47 వెస్ట్ 63 అంటే 1957 తర్వాతది, వీధి పేరు లేకుండా ఉత్త న్యూయార్క్ యు.ఎస్.ఎ. అని ఉంటే అరవైల్లోది. అరవైల మధ్యలో కంపెనీని లిబర్టీ అనే ఇంకో రికార్డు కంపెనీ వాళ్లు కొన్నాక, మిగిలిపోయిన పాత లేబుళ్లనే కొత్త అచ్చులకి అంటించేశారు. కాబట్టి లేబుల్ ఒక్కటీ చూసి డబ్బివ్వకండి. చెవి కోసం చూడండి.

చెవి అంటే నిజంగానే చెవి ఆకారంలో ఉండే గుర్తు. 1966 దాకా బ్లూ నోట్ ఎల్పీలు అచ్చేసిన ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీ ఈ న్యూజెర్సీలోనే, నార్త్ ప్లెయిన్‌ఫీల్డ్‌లో ఉండేది. వాళ్లు డెడ్ వ్యాక్స్‌లో ఇంగ్లిష్ పి అక్షరాన్ని వంకరగా కలిపి రాసినట్టు గీసేవారు, అదే చూడ్డానికి చెవిలా ఉంటుంది. అడ్రసు పాతదే ఉండి చెవి లేకపోతే అది లిబర్టీ కాలపు అచ్చు అయ్యుంటుంది, వినడానికి బావుండొచ్చు, మొదటి అచ్చు ధర మాత్రం ఇవ్వకూడదు. నేను మొదటిసారి చెవి చూసింది ప్రిన్స్‌టన్‌లో, 1980 నుంచి ఉన్న ప్రిన్స్‌టన్ రికార్డ్ ఎక్స్ఛేంజ్‌లో. ఫోన్ టార్చ్ వేసి రికార్డు తిప్పుతుంటే వెంట్రుకంత గీత మెరిసింది. ఆ రోజు ఆ రికార్డు కొనలేకపోయాను, ధర అంత ఉంది, కానీ ఒకసారి కంటికి పట్టుబడ్డాక ఆ గుర్తు మళ్లీ ఎక్కడ కనిపించినా ఇట్టే తెలిసిపోతుంది.

గుర్తులన్నీ సరిపోయినా రికార్డు అరిగిపోయి ఉండొచ్చు. యాభైల్లో అరవైల్లో ఇళ్లలో ఉన్న ప్లేయర్లలో ముల్లుని మోసే చెయ్యి చాలా బరువు, ముల్లు మార్చేవాళ్లు తక్కువ. ఆ అరుగుదల గీతల్లా కనిపించదు, పైకి తళతళలాడుతూనే ఉంటుంది. ఒక చిట్కా ఏంటంటే లేబుల్ మధ్య రంధ్రం చుట్టూ చూడండి. రికార్డు పెట్టేటప్పుడు ప్లేయర్ మధ్య కడ్డీ తగిలి పడిన సన్నటి చారలు అక్కడ ఎన్ని ఉంటే అన్నిసార్లు ఎవరో దాన్ని ప్లే చేశారన్నమాట. వినే అవకాశం ఇస్తే మొదటి పాట వినకండి, ఆఖరి పాట పెట్టించండి, అందులో ట్రంపెట్ గట్టిగా ఊదే చోటు. లేబుల్ దగ్గరకొచ్చేసరికి చుట్టు చిన్నదై సంగీతం తక్కువ జాగాలో ఇరుక్కుంటుంది, అరిగిన రికార్డు అక్కడ గరగరమంటుంది. చిటపటలు కడిగితే కొంతవరకు పోతాయి, ఈ గరగర మాత్రం ఎన్నిసార్లు కడిగినా పోదు.

ఆన్‌లైన్‌లో కొంటే గ్రేడు అని ఒకటి రాస్తారు, మింట్, నియర్ మింట్, వి.జి. (వెరీ గుడ్) ప్లస్, వి.జి., గుడ్ ఇలా. పేరు చూసి గుడ్ అంటే బావుందేమో అనుకోకండి, ఆ గ్రేడు రికార్డు వినడం కష్టం. వి.జి. ప్లస్ కంటే తక్కువ వాటి జోలికి మొదట్లో వెళ్లొద్దు. నాకొకసారి వి.జి. ప్లస్ అని రాసి పంపిన, ట్రంపెట్ వాయించే లీ మోర్గన్ ఎల్పీలో ట్రంపెట్ సోలో మొత్తం పగిలిన స్పీకర్‌లో విన్నట్టు వచ్చింది, అమ్మినాయన చూసి గ్రేడు ఇచ్చాడు తప్ప పెట్టి వినలేదు. అప్పట్నుంచి ఎవర్నైనా ఒక్కటే అడుగుతున్నాను: చూసి ఇచ్చిన గ్రేడా, విని ఇచ్చిందా? ఇంకో మాట కూడా రాయండి, రికార్డుని అట్టలోంచి తీసి విడిగా ప్యాక్ చెయ్యమని. లేకపోతే దారిలో కుదుపులకి రికార్డు అంచు కత్తిలా అట్ట కుట్టుని చీల్చేస్తుంది.

మొదటి అచ్చులే కావాలని పట్టు పట్టకండి. శాక్సఫోన్ వాయించే హ్యాంక్ మోబ్లీ బ్లూ నోట్ 1568 నంబరు ఎల్పీ లాంటివి వేల డాలర్లు పలుకుతాయి, ఆ డబ్బుతో ఒక చిన్న లైబ్రరీ వస్తుంది. ఎనభైల్లో ఫాంటసీ కంపెనీ ప్రెస్టీజ్, రివర్‌సైడ్ కంపెనీల రికార్డుల్ని ఒరిజినల్ జాజ్ క్లాసిక్స్ పేరుతో మళ్లీ వేసింది, నా దృష్టిలో పెట్టిన డబ్బుకి ఇంతకంటే మంచి పాత జాజ్ రికార్డు లేదు. జపాన్‌లో కింగ్, తోషిబా కంపెనీల వాళ్లు మళ్లీ వేసినవి నిశ్శబ్దంగా, శుభ్రంగా ఉంటాయి. 2019 నుంచి బ్లూ నోట్ వాళ్లు టోన్ పొయెట్ అనే వరసలో పాత రికార్డుల్ని అసలు టేపుల నుంచి కొత్తగా కట్ చేయించి వేస్తున్నారు, అవీ చాలా బావుంటాయి.

టర్న్‌టేబుల్, అంటే రికార్డు ప్లేయర్ గురించి ఎక్కువ చెప్పను. సూట్‌కేస్ ఆకారంలో వచ్చే చవక ప్లేయర్లు మాత్రం వద్దు, వాటి ముల్లు ఐదు గ్రాముల దాకా బరువు మోపుతుంది. మామూలు మంచి కాట్రిడ్జికి (ముల్లు బిగించి ఉండే భాగానికి) రెండు గ్రాములు చాలు. బరువు కొలిచే చిన్న డిజిటల్ స్కేలు పది పదిహేను డాలర్లలో దొరుకుతుంది, అది కొని కంపెనీ చెప్పిన అంకెకి సరిచెయ్యండి. మరీ తక్కువ పెట్టినా ప్రమాదమే, ముల్లు గ్రూవ్‌లో నిలవకుండా ఎగిరెగిరి పడి గోడల్ని దెబ్బతీస్తుంది.

జాజ్‌కి ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం రావడం; స్టీరియోలో రెండింట్లో వేర్వేరుగా వస్తుంది. స్టీరియో ఎల్పీలు బజారులోకొచ్చింది 1958 ప్రాంతంలో, అంతకు ముందువన్నీ మోనోనే, ఆ తర్వాత కూడా పదేళ్ల దాకా రెండూ వచ్చాయి. మోనో గ్రూవ్‌లో సంగీతం ముల్లు పక్కలకి కదిలే దాంట్లోనే ఉంటుంది, పైకీ కిందికీ కదిలేదంతా దుమ్మూ అరుగుదలా చేసే చప్పుడు. స్టీరియో కాట్రిడ్జి రెంటినీ వినిపిస్తుంది. మీ యాంప్లిఫయర్‌కి మోనో బటన్ ఉంటే నొక్కి చూడండి, సగం చిటపటలు ఎవరో తుడిచేసినట్టు పోతాయి, శాక్సఫోన్ గది మధ్యలోకి వచ్చి నిలబడుతుంది. ఇష్టం ముదిరితే విడిగా మోనో కాట్రిడ్జి కొనండి. పాతకాలపు అసలు మోనో కాట్రిడ్జి దొరికితే మాత్రం దాంతో స్టీరియో రికార్డులు ప్లే చెయ్యకండి, అది పైకీ కిందికీ సరిగ్గా కదలదు, గ్రూవ్ పాడవుతుంది.

కడగడానికి డిస్టిల్డ్ వాటర్, మెత్తటి బ్రష్, రికార్డుల కోసం అమ్మే ద్రావకం రెండు మూడు చుక్కలు. లేబుల్ తడవకుండా, గ్రూవ్ తిరిగే దిశలోనే తుడవండి. కొందరు కొంచెం ఆల్కహాల్ కలుపుతారు, వినైల్‌కి ఫరవాలేదు. కానీ మీ తాతగారి ఇంట్లో దొరికిన బరువైన, నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేట్లకి మాత్రం ఆల్కహాల్ తగలనివ్వొద్దు. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్‌లో లక్క కరిగిపోతుంది. ఆ లక్క ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాకి సరఫరా తగ్గి రికార్డుల తయారీ మీద ఆంక్షలు పెట్టాల్సొచ్చింది. 78లకి వేరే వెడల్పాటి ముల్లు కావాలి, ఎల్పీ ముల్లు పెట్టకండి.

దాచేటప్పుడు పుస్తకాల్లా నిలబెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, పక్కకి వాలనివ్వొద్దు. లోపలి పాత కాగితం కవర్లు తీసేసి పాలిథిన్ లైనింగ్ ఉన్నవి వెయ్యండి. ఎండ అంటే వినైల్‌కి గిట్టదు. ఒక జూలైలో రివర్‌సైడ్ వాళ్లు వేసిన, పియానో వాయించే థెలోనియస్ మంక్ రికార్డు కొని, కారు వెనక సీట్లో పెట్టి, సరుకుల కోసం గంటసేపు షాపులో ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి ఒక అంచు అప్పడంలా లేచిపోయింది. ఆ రికార్డు ఇంకా నా దగ్గరే ఉంది, ప్లే అవదు, పారెయ్యడానికి మనసొప్పడం లేదు. న్యూజెర్సీలోనే ఇలాగైతే హైదరాబాద్‌లో, విజయవాడలో రోహిణి కార్తె ఎండల సంగతి చెప్పక్కర్లేదు. పడమటి గోడకి ఆనించిన బీరువాలో పెట్టకండి. వానాకాలంలో అట్టలకి బూజు పట్టకుండా నెలకోసారి తీసి ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి.

ఇప్పుడు వినడం. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఎక్కడైనా, ఏ అచ్చయినా సులువుగా దొరుకుతుంది కాబట్టి దాంతోనే చెప్తాను. 1959లో కొలంబియా వేసింది, మొదటి అచ్చుల లేబుల్ మీద కళ్లలాంటి గుర్తులు ఆరు ఉంటాయి. మొదటి పాట ‘సో వాట్’. పియానో, బేస్ తాళం లేకుండా కాసేపు ఆలాపనలా పలుకుతాయి, తర్వాత పల్లవి ఎత్తుకునేది పాల్ చేంబర్స్ బేస్. మిగతా వాద్యాలు రెండే రెండు స్వరాలతో బదులు చెప్తాయి. కర్ణాటక సంగీతం విన్న చెవులకి ఇక్కడో తీగ దొరుకుతుంది, పాటంతా డి షడ్జంగా ఖరహరప్రియ స్వరాల మీదే నడుస్తుంది. పదహారు బార్లు (నాలుగేసి దెబ్బల ఆవర్తాలు) అలా నడిచి, ఎనిమిది బార్లు అవే స్వరాలు అర మెట్టు పైకెక్కి, మళ్లీ ఎనిమిది బార్లు కిందికి దిగుతాయి. సోలోలన్నీ ఈ చట్రంలోనే, మైల్స్, కోల్ట్రేన్, క్యానన్‌బాల్ ఆడర్లీ, బిల్ ఎవాన్స్ వరసగా. మొదటిసారి లెక్కపెడుతూ వినండి. రెండోసారి లెక్క వదిలేసి పక్కవాద్యం మీద, అంటే బేస్ ఒక్కదాని మీదే, మనసు పెట్టండి. ఆ పాల్ చేంబర్సే ‘బ్లూ ట్రెయిన్’లోనూ ఉన్నాడు, తర్వాత కొనాల్సిన రికార్డు ఏదో ఇలా పక్కవాద్యాల పేర్లు పట్టుకుని వెళ్తే దొరుకుతుంది. నా అల్మారాలో సగం అలా చేరినవే.

మైల్స్ సోలో ఎత్తుకునే క్షణంలో డ్రమ్స్ వాయించే జిమ్మీ కాబ్ సింబల్ (లోహపు పళ్లెం) మీద ఒక దెబ్బ వేస్తాడు. మీ ముల్లు, మీ రికార్డు ఎలా ఉన్నాయో చెప్పేది ఆ దెబ్బే. బాగున్న కాపీలో ఆ మోత విచ్చుకుని, ట్రంపెట్ వెనక చాలాసేపు నెమ్మదిగా కరిగిపోతుంది. అరిగిన కాపీలో ఇసుక చల్లినట్టు చరచరమని తెగిపోతుంది. రికార్డు మంచిదని తెలిసీ అలా వినిపిస్తే ముల్లు మార్చే టైమొచ్చిందన్నమాట, 500 గంటలు దాటాక ఎలాగూ చూపించుకోవాలి.

మీకు శ్రుతిజ్ఞానం గట్టిగా ఉంటే ఈ వైపు, అంటే ‘సో వాట్’ ఉన్న మొదటి వైపు మూడు పాటలూ కాస్త పైశ్రుతిలో ఉన్నట్టు అనిపించొచ్చు. అది మీ టర్న్‌టేబుల్ తప్పు కాదు. ఆ రోజు రికార్డు చేసిన టేప్ మెషీన్ కొంచెం నెమ్మదిగా తిరిగింది, దాంతో పాత ఎల్పీల్లో ఈ మూడూ కొంచెం వేగంగా వినిపిస్తాయి, దాన్ని సరిచేసింది 1992లో. స్పీడ్ సర్దబోయి ప్లేయర్ పాడుచేసుకోకండి. రికార్డు తిప్పండి, రెండో వైపు ముందు వచ్చేది ‘ఆల్ బ్లూస్’, మెల్లగా సాగే ‘ఫ్లెమెంకో స్కెచెస్’ ఆ తర్వాతది. మొదట్లో వచ్చిన అట్టల వెనక ఈ రెండు పేర్లూ తారుమారుగా అచ్చయ్యాయి. ఎక్కడైనా పాత సామాన్ల మధ్య అలాంటి అట్ట కనిపిస్తే, వెంటనే రికార్డు బయటికి తీసి లేబుల్ మీద ఆరు కళ్లున్నాయో లేదో చూడండి.