లోకాల మధ్య దారులు మొరాయిస్తే: డీఎంల (ఆట నడిపే డంజన్ మాస్టర్ల) కోసం సమస్య - పరిష్కారం

పాత్రలు ధరించి డైస్‌తో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో స్టిక్స్ నది, ఇగ్‌డ్రాసిల్ మహావృక్షం, ఇన్ఫినిట్ స్టెయిర్‌కేస్, ఆస్ట్రల్ లోకంలోని రంగుల మడుగులు అన్నీ ఒక లోకాన్ని మరో లోకంతో కలిపే దారులే. ఆటలో ఇవి చెడిపోయేది చాలావరకు ఒకే కారణంతో: డీఎం వాటిని ఉత్త తలుపుల్లా వాడతాడు. ఏ దారికైనా తెరుచుకునే షరతు, ప్రయాణంలో చెల్లించే మూల్యం, తేలే చోటు అని మూడుంటాయి. వీటిలో ఒకటి రాసుకోకపోయినా ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. కింది అంకెలన్నీ 2014 నాటి ఐదో ఎడిషన్‌వి. 2024 పుస్తకాలతో ఆడేవాళ్లు స్పెల్ (మంత్రం) వివరాలు సరిచూసుకోవాలి.

"ప్లేన్ షిఫ్ట్ ఉండగా ఈ నడకెందుకు?" అని ప్లేయర్లు అడుగుతున్నారు

కారణం: 13వ లెవెల్‌కి విజర్డ్ (మాంత్రికుడు) చేతికీ క్లెరిక్ (పూజారి) చేతికీ నేరుగా వేరే లోకానికి తీసుకెళ్లే ఆ స్పెల్ వస్తుంది. దానికి కావలసిన లోహపు ఫోర్కును డీఎం పట్టించుకోలేదు.

పరిష్కారం: ఆ ఫోర్కు కనీసం 250 గోల్డ్ ఖరీదు చేయాలి, వెళ్లాల్సిన లోకానికి శ్రుతి చేసి ఉండాలి. ఖరీదు రాసి ఉన్న వస్తువుకు బదులు కాంపొనెంట్ పౌచ్ (మామూలు మంత్ర సామగ్రి సంచి) చెల్లదు. ఒక్కో లోకానికి ఒక్కో ఫోర్కు కావాలి కాబట్టి ఏవి దొరుకుతాయో నిర్ణయించేది మీరే. పైగా స్పెల్ వేసిన వ్యక్తితో పాటు చేతులు కలిపిన ఎనిమిది మందే వెళ్లగలరు. దిగే చోటు కూడా ఉజ్జాయింపుగానే ఉంటుంది: కోట పేరు చెప్పినా కోట లోపల దిగుతారన్న హామీ లేదు. బళ్లు, బందీలు, సైన్యం తరలించాలంటే దారే గతి. సిగిల్ నగరానికైతే పోర్టల్ (మాయాద్వారం) తప్ప మరో మార్గమే లేదు. క్వెస్టులో ఇలాంటి బరువేదో ఒకటి పెడితే ఆ ప్రశ్న మళ్లీ రాదు.

పోర్టల్ ముందు గంటసేపు ఆట ఆగిపోయింది

కారణం: షరతు పెట్టారు, ఆనవాలు పెట్టలేదు. పోర్టల్ తెరుచుకునే షరతులు ఐదు రకాలు: సమయం, సందర్భం, యాదృచ్ఛికం, ఆజ్ఞావాక్యం, తాళం.

పరిష్కారం: సందర్భం, వాక్యం, తాళం అయితే కనీసం మూడు చోట్ల ఆనవాళ్లు వదలండి. అందులో ఒకటి పోర్టల్ దగ్గరే కనిపించాలి. యాదృచ్ఛిక పోర్టల్‌కు వేరే చిక్కుంది: మామూలుగా 1డి6+6 మంది (ఆరు ముఖాల డైస్ ఒకటి వేసి 6 కలిపినంత) దాటగానే అది మూసుకుపోయి 1డి6 రోజులు తెరుచుకోదు. ఐదుగురు వీరులు, ఐదు గుర్రాలు ఉన్న జట్టుకు డైస్ మీద 2 పడితే దాటేది ఎనిమిది ప్రాణులే. అందుకే ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది డైస్ వేయకముందే చెప్పించుకోండి. తర్వాత అడిగితే గొడవ తప్పదు.

స్టిక్స్ నీళ్లు తగిలిన పాత్ర సెషన్ మొత్తానికి పనికిరాకుండా పోయింది

ఎక్కువమంది డీఎంలు దెబ్బతినేది ఇక్కడే. ఫీండ్ (దెయ్యం, రాక్షస జాతి) కాని ప్రాణి ఏదైనా ఆ నీటిని తాకినా, రుచి చూసినా తెలివిని హరించే ఫీబుల్‌మైండ్ స్పెల్ ప్రభావం పడుతుంది. 4డి6 సైకిక్ డ్యామేజీ, ఆపై డీసీ 15 ఇంటెలిజెన్స్ సేవ్ (తప్పించుకోవడానికి వేసే డైస్, 15 దాటాలి లేదా తాకాలి). ఓడితే ఇంటెలిజెన్స్, కరిజ్మా రెండూ 1కి పడిపోతాయి. తెలివి 8 ఉన్న ఫైటర్‌కు డైస్ మీద 16 రావాలి, అంటే నాలుగింట మూడుసార్లు ఓటమే. మళ్లీ సేవ్ వేసే అవకాశం 30 రోజులకు గానీ రాదు.

కారణం రెండు రకాలు. ఒకటి, పడవ ఊగిన ప్రతిసారీ, తెడ్డు నుంచి చుక్క చిందిన ప్రతిసారీ సేవ్ అడగడం. రెండోది, విరుగుడు అందుబాటులో లేని లెవెల్‌లో ఈ నదిని తేవడం.

మొదటిదానికి: నదిలో పడటం, ఈదడం, తాగడం, చేయి ముంచడం మాత్రమే లెక్క అని సెషన్ మొదట్లోనే ప్రకటించండి. పడవలో తాడు, కొక్కెం ఉంచితే చాలు, ప్లేయర్లే జాగ్రత్తపడతారు.

రెండోదానికి: గ్రేటర్ రెస్టరేషన్, హీల్, విష్ ఈ మూడే విరుగుడు. వీటిలో తేలికైనది గ్రేటర్ రెస్టరేషన్. దానికి 9వ లెవెల్ క్లెరిక్ లాంటివాళ్లు, 100 గోల్డ్ ఖరీదు చేసే వజ్రపు పొడి కావాలి. ఆ పొడి వాడకంతో ఖర్చయిపోతుంది. జట్టు అంతకంటే తక్కువ లెవెల్‌లో ఉంటే నది ఇవతలి ఒడ్డునే ఒక స్క్రోల్ దొరికేలా చూడండి.

అప్పటిదాకా ఆ ప్లేయర్‌ను ఊరికే కూర్చోబెట్టక్కర్లేదు. ఫీబుల్‌మైండ్ తగిలినవాడు స్పెల్ వేయలేడు, మ్యాజిక్ వస్తువులను పనిచేయించలేడు, మాట అర్థం చేసుకోలేడు. కానీ స్నేహితులను గుర్తుపడతాడు, వెంట నడుస్తాడు, వాళ్లను కాపాడటానికి కత్తి దూస్తాడు.

ఇంకో మాట: స్టిక్స్ ప్రధాన ప్రవాహం సాగేది అధోలోకాల పై పొరల్లోనే. నైన్ హెల్స్‌లో పడవ మొదటి పొర అవెర్నస్‌లో తేలుతుంది, నేరుగా రెండో పొర డిస్‌కు కాదు. లోతుకు వెళ్లాలంటే ఉపనదిని పట్టుకోవాలి, ఏ పాయ ఎటు పోతుందో పడవ నడిపే మెరెనోలోత్ అనే ఫీండ్‌తో బేరమాడాలి. ఆ బేరంలో తిరుగు ప్రయాణం ఉందో లేదో అడగని జట్లే ఎక్కువ.

స్టిక్స్ బదులు వైతరణిని పెట్టుకుని ఆడదామనుకునే తెలుగు టేబుళ్లకు తయారీ సగం పురాణంలోనే ఉంది. గోదానం చేసినవాడు ఆవు ఆసరాతో దాటతాడంటారు కదా, ఆట లెక్కలో అది తాళం ఉన్న పోర్టల్. దానం ఎవరు చేశారో క్యారెక్టర్ షీట్ మీద ముందే రాయించండి. ఒడ్డుకు చేరాక "మా తాత ఇచ్చాడు" అంటే ఒప్పుకోకండి.

రంగుల మడుగులో దూకితే వేరే లోకంలో తేలారు

కారణం: డీఎం "ఎర్రగా ఉంది" అని ఊరుకున్నాడు. కెంపు రంగు నైన్ హెల్స్‌కు, మంట ఎరుపు అకెరాన్‌కు, తుప్పు రంగు హేడీస్‌కు, రసెట్ అనే ఎరుపు కలిసిన గోధుమరంగు గెహెన్నాకు. బంగారు, అంబర్, కుంకుమపువ్వు రంగులతోనూ ఇదే తంటా: వరసగా సెలెస్టియా, బైటోపియా, ఆర్కేడియా.

పరిష్కారం: ఫోన్‌లో రంగు చూపించండి, మాటల్లో వర్ణించకండి. దారి తప్పించడమే ఉద్దేశమైతే ఆర్కానా చెక్ (మాయావిద్య జ్ఞానానికి వేసే డైస్) ఒకటి అడిగాకే తప్పించండి.

ఆస్ట్రల్ లోకంలో జట్టు చెల్లాచెదురైంది

అక్కడ పోరాటంలో నడక వేగం ఇంటెలిజెన్స్ స్కోరుకు మూడు రెట్లు, అడుగుల్లో. 20 ఉన్న విజర్డ్‌కు 60, 8 ఉన్న ఫైటర్‌కు 24. అందరినీ తాడుతో కట్టి, నెమ్మదైనవాడి వేగాన్నే జట్టు వేగంగా తీసుకోండి.

ఇన్ఫినిట్ స్టెయిర్‌కేస్ మీద అందరూ ఆవలిస్తున్నారు

కారణం: ప్రతి చపటానూ (మెట్ల వరసల మధ్య చదును చోటు) వర్ణిస్తున్నారు. ఒక సెషన్‌కు మూడు చపటాలు చాలు: ఒకటి కాపలా ఉన్న తలుపు, ఒకటి తప్పు తలుపు, ఒకటి పాత్ర మనసులోని కోరికను చూపించే తలుపు. ఆ మెట్ల మీద వెతికితే కోరుకున్నది దొరుకుతుందన్న ప్రతీతిని వాడుకోకపోతే అవి ఉత్త మెట్లే. పోరాటం పెడితే ఏ మెట్టుకు ఏ వైపు గురుత్వమో గ్రిడ్ మీద బాణం గుర్తు వేయండి. లేదంటే ఎవరు ఎటు పడతారో తేల్చలేరు.

గమ్యం చేరాక జట్టు రోజురోజుకూ నీరసిస్తోంది, లేదా కదలనంటోంది

ఇగ్‌డ్రాసిల్ వేరు పట్టుకుని ఇస్‌గార్డ్ నుంచి నిఫల్‌హైమ్‌కు దిగితే మీరున్నది హేడీస్‌లో. అక్కడి ఐచ్ఛిక నియమం వాడితే ప్రతి లాంగ్ రెస్ట్ (రాత్రి నిద్ర లాంటి పూర్తి విశ్రాంతి) చివర డీసీ 10 విజ్‌డమ్ సేవ్. ఓడితే ఒక ఎగ్జాస్చన్ (అలసట) లెవెల్, అది హేడీస్‌లో ఉండగా తగ్గదు. ఆరుకు చేరితే చావు ఉండదు, పాత్ర శాశ్వతంగా లార్వా (పురుగులాంటి ప్రాణి) అయిపోతుంది. అక్కడ నిద్రలు తగ్గించడమే ఉపాయం, కాబట్టి వేరు నుంచి గమ్యానికి ఒక్క రోజుకు మించని దూరం పెట్టండి. ఎలీసియంలో దీనికి తలకిందులు: అదే సేవ్ మూడుసార్లు ఓడినవాడు ఇష్టపూర్వకంగా ఆ లోకం వదలడు. బలవంతంగా తెచ్చినా తిరిగి వెళ్లాలనే చూస్తాడు. డిస్పెల్ ఈవిల్ అండ్ గుడ్ వేస్తే వదులుతుంది. ఆ స్పెల్ సిద్ధం చేసుకున్న క్లెరిక్‌కే ముందు ఆ పట్టు తగిలిందా, మోసుకురావడం తప్ప మార్గం లేదు.