కయాక్ మీద పీతల వేట: పోటు, పాటు, నీటి పరుగు చూసుకోవడం ఎలా

ఫోన్‌లో కాకినాడ పోటు పట్టిక చూసుకుని, కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) మీద నేరుగా గోదావరి పాయల్లో పీతల వేటకు దిగేవాళ్లు ఒక విషయం మర్చిపోతారు. పోటంటే సముద్రపు నీరు ఏట్లోకి ఎక్కడం, పాటంటే తిరిగి తీయడం. పట్టిక చెప్పేది నీటి ఎత్తు. పీతల వేటకు కావలసింది నీటి పరుగు. రెండూ ఒకే నిమిషానికి మారవు. మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర నీరు తీయడం మొదలైనా, లోపలి పాయల్లో ఇంకా కొంతసేపు పైకి ఎక్కుతూనే ఉంటుంది. ఎంత లోపలికి వెళితే అంత ఆలస్యం. సముద్రం పక్కనున్న గాడిమొగకు పనికొచ్చిన లెక్క లోపలున్న యానాం దగ్గర పనికిరాదు.

అందుకే మీ రేవుకు మీరే లెక్క కట్టుకోవాలి. ఒడ్డున ఒక వెదురు గెడ పాతి, పది సెంటీమీటర్లకు ఒక గీత పెట్టండి. నీరు ఎక్కడం ఆగిన సమయం ఒకటి, పరుగు నిజంగా తిరిగిన సమయం ఒకటి, రెండూ రాసుకోండి. పట్టికలోని సమయంతో తేడా ఎంతో చూడండి. అమావాస్య దగ్గర ఒకసారి, అష్టమి దగ్గర ఒకసారి చూస్తే ఆ రేవు గుణం చాలావరకు తెలిసిపోతుంది. వరదల నెలల్లో మాత్రం ఈ లెక్క చెల్లదు.

ఏ రోజు వెళ్లాలో పంచాంగమే చెబుతుంది. అమావాస్య, పౌర్ణమి దాటాక ఒకటి రెండు రోజులకు, అంటే పాడ్యమి, విదియల్లో పెద్ద పోట్లు. కాకినాడ దగ్గర ఆ రోజుల్లో నీరు ఒకటిన్నర మీటరుకు అటూ ఇటూగా ఎక్కి దిగుతుంది. అష్టమి దాటిన నవమి, దశముల్లో ఆ తేడా అర మీటరు దగ్గరే ఉంటుంది. పోటు సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. కొత్తవాళ్లు పెద్ద పోట్ల జోలికి పోకుండా చవితి, పంచమి నుంచి మొదలుపెట్టడం మంచిది. ఎర వాసన మోసుకెళ్లేంత పరుగు ఉంటుంది, తెడ్డుకు లొంగనంత ఉండదు.

పోటు ఆరు గంటల్లో ఒకే వేగంతో ఎక్కదు. మొత్తం ఎత్తును పన్నెండు భాగాలు చేస్తే గంటగంటకూ 1, 2, 3, 3, 2, 1 భాగాల చొప్పున ఎక్కుతుంది. ఒకటిన్నర మీటరు పోటులో మొదటి గంటకు 12 సెంటీమీటర్లు దాటి ఎంతో ఎక్కదు, మూడో గంటలో ఒక్కసారిగా 37 ఎక్కుతుంది. పరుగు జోరంతా ఆ మధ్య రెండు గంటల్లోనే. ఇది సముద్రపు లెక్క. ఏటి లోపల పోటు కాస్త పొట్టిగా, పాటు పొడుగ్గా సాగుతుంది.

మండపీత (మడల బురదలో ఉండే పెద్ద పీత) ఎరను వెతుక్కునేది వాసనతో. నీరు నిలిచిపోతే వాసన కదలదు. మరీ జోరైతే రింగు వల (గుండ్రటి చట్రానికి బిగించి, ఎర కట్టి అడుగుకు దించే వల) దొర్లిపోతుంది, పీత కూడా బురదలో అణిగి ఉంటుంది. పాటు ఆగి పోటు అందుకున్న తొలి గంటన్నర అన్నిటికన్నా మంచి సమయం. మడ వేళ్లలోకి మేతకు ఎక్కే పీతలు అప్పుడే కదులుతాయి. రెండో అవకాశం పాటు చివరి గంట, మడల్లోంచి పిల్లకాలువలు ఏట్లోకి దిగే నోళ్ల దగ్గర.

పరుగు కొలవడానికి యంత్రం అక్కర్లేదు. మడ కొమ్మ పట్టుకుని కయాక్‌ను నిలిపి, ముక్కు దగ్గర ఒక ఆకు వేయండి. మూడు మీటర్ల కయాక్ పొడవు దాటడానికి ఆకుకు పది సెకన్లు పడితే పరుగు గంటకు ఒక కిలోమీటరు, వేటకు సరిగ్గా సరిపోతుంది. ఆరు సెకన్లయితే రెండుకు దగ్గర, వల బరువు పెంచాలి. మూడు సెకన్లకే దాటిందంటే మూడున్నర కిలోమీటర్లు దాటినట్టే. బరువుతో ఉన్న కయాక్‌ను మామూలు మనిషి ఎదురు నడిపే వేగం దాదాపు అంతే, కాబట్టి ఆ రోజు అక్కడ వల దించొద్దు. దూరం నుంచి చూడాలంటే గుర్రపుడెక్క తుట్టెలు ఎటు పోతున్నాయో, గెడలకు కట్టిన వలల పొట్ట ఎటు ఉబ్బిందో చూడండి. ఆ గెడలకు పరుగు వచ్చే వైపున మాత్రం ఉండకూడదు. పరుగు మిమ్మల్ని నేరుగా వలలోకి తోసేస్తుంది.

వరద నీరు దిగే నెలల్లో ఆకు అబద్ధం చెబుతుంది. తీపి నీరు తేలిక, ఉప్పు నీరు బరువు. పైన నీరు సముద్రం వైపు పోతుంటే అడుగున పోటు లోపలికి వస్తూ ఉంటుంది. బరువు కట్టిన తాడును అడుగు దాకా వదిలి పట్టుకోండి. ఆకు దిగువకు పోతూ, తాడు కింది సగం ఎగువకు వాలితే అడుగున పోటు ఉన్నట్టు. పీత ఉండేది అడుగునే కదా, వల వేసే చోటు తాడును బట్టే ఎంచుకోవాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తే మాత్రం, ఆ నీరు తగ్గేదాకా కయాక్ గట్టు మీదే ఉండాలి.

వలలు ఆరు నుంచి ఎనిమిది చాలు, ఒక్కోదానికి మధ్య పాతిక మీటర్లు. మలుపులో లోపలి వైపు, పరుగు తగ్గే చోట దించండి. ఒక్కోదానికి కిలో, కిలోన్నర ఇటుక ముక్క. ఎర చేప తలకాయ, వలకు గట్టిగా బిగించి కట్టాలి. తాడు విషయంలోనే చాలామంది దెబ్బతింటారు. పాటులో మీటరు లోతు చూసి రెండు మీటర్ల తాడు కడితే, పెద్ద పోటుకు లోతు రెండున్నర అయ్యేసరికి బెండు (తాడు పై కొసన తేలే గుర్తు) మునిగిపోతుంది, వల దొరకదు. అక్కడ నాలుగు మీటర్లు కట్టండి. అంతకు మించితే పాటులో తాడు మడ వేళ్లకు చుట్టుకుంటుంది. పావుగంటకోసారి ఎత్తి చూడాలి.

వల ఎత్తేటప్పుడు బెండుకు దిగువ నుంచి, ముక్కు పరుగుకు ఎదురుగా పెట్టి రండి. ముక్కు వైపు నుంచి లాగండి. పక్క నుంచి లాగితే తాడు కయాక్ కిందికి పోతుంది, ఆ వైపు అంచు నీళ్లను తాకుతుంది, తర్వాత మీరే నీళ్లలో ఉంటారు. తాడు చేతికి చుట్టుకోవద్దు, కయాక్ మధ్య భాగానికి కట్టొద్దు. పీత ఒళ్లోకి రాకుండా నేరుగా మూతున్న బకెట్‌లోకి వెళ్లాలి. గుడ్లతో ఉన్న ఆడపీతను, అరచేతి కన్నా చిన్నదాన్ని అక్కడే వదిలేయండి. కోరింగ అభయారణ్యం హద్దుల్లో అటవీ శాఖ అనుమతి లేకుండా వల దించకూడదు.

తిరుగు ప్రయాణం ముందే లెక్క వేసుకోవాలి. రేవు దిగువన ఉంటే పోటుతో లోపలికి వెళ్లి, పాటు అందుకోగానే దానితోనే దిగిపోవచ్చు. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేస్తుంది. దిగుతున్న పాటుకు ఆ గాలి ఎదురైతే మొగ దగ్గర పొట్టి, నిటారు అలలు లేస్తాయి. వాటిలోకి కయాక్ పోకూడదు. లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాలి.

పాటు మొదలైన రెండు గంటల్లోపు పిల్లకాలువల నుంచి బయటపడండి. మూడో గంటకు బురదలో ఇరుక్కుంటే నీరు ఇంకో మూడు గంటలు తీసి, మళ్లీ ఆ ఎత్తుకు రావడానికి మరో మూడు గంటలు పడుతుంది. ఎండలో ఆరు గంటలన్నమాట, కనీసం మూడు లీటర్ల మంచినీళ్లు దగ్గరుండాలి. దిగి నడుద్దామనుకోవద్దు, తొడల దాకా దిగబడిన కాలు ఒంటరిగా బయటికి రాదు. కయాక్‌లోనే కూర్చుని, రేవులో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి, పోటు కోసం ఆగండి.