కడప బండ మీద పులిజూదం: పెద్దవాళ్ల ఆటకు ఒక అరగంట

"పనులన్నీ అయ్యాక ఆడుకుందాం" అనుకునేవాళ్లు ఎప్పటికీ ఆడరు, పనులు అయ్యేవి కావు గనక. టైం కోసం చూడకుండా ముందు ఆటకు ఒక చోటు పెట్టండి. కర్నూలు, అనంతపురం, కడప ఇళ్లలో ఆ చోటు చాలామందికి కాళ్ల కిందే ఉంది: వరండాలో పరిచిన నల్ల కడప బండ. దాని మీద పులులు, మేకల ఆట పులిజూదం గీయడానికి ఒక సుద్దముక్క చాలు.

రెండడుగుల బండ తీసుకోండి. పై అంచు మధ్యలో ఒక చుక్క, అదే కొండ. కింది అంచున 60 సెంటీమీటర్ల అడ్డగీత గీసి, రెండు చివర్లతో కలిపి సమాన దూరంలో నాలుగు చుక్కలు పెట్టండి. కొండ నుంచి ఆ నాలుగింటికీ గీతలు లాగండి. తర్వాత కొండకు 15, 30, 45 సెంటీమీటర్ల కింద మూడు అడ్డగీతలు గీయండి. మూడూ 60 సెంటీమీటర్లే ఉండాలి. వాటి కుడి చివర్లను ఒక నిలువు గీతతో, ఎడమ చివర్లను ఇంకో గీతతో కలపండి. ఇప్పుడు చుక్కలు లెక్కపెడితే 23 రావాలి. రాకపోతే అడ్డగీతలు త్రిభుజం దాటి బయటికి వచ్చాయో లేదో చూడండి, చాలామంది తప్పేది అక్కడే.

పులులకు మూడు శనక్కాయలు, మేకలకు 15 చింతగింజలు. ఒక పులి కొండ మీద, మిగతా రెండూ మొదటి అడ్డగీత మీద నడిమి రెండు చుక్కల్లో. మేకలవాళ్లు ఒక మేకను పెడతారు, పులులవాళ్లు ఒక పులిని పక్క చుక్కకు జరుపుతారు. 15 మేకలూ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పులి తన పక్కనున్న ఒక్క మేక మీదుగా తిన్నగా దూకి, అవతలి ఖాళీ చుక్కలో దిగితే ఆ మేక పోయినట్టు. వరుసగా రెండు మేకలుంటే దూకలేదు. మూడు పులులకూ కదలడానికి దారి లేకపోతే మేకలు గెలిచినట్టు. ఎన్ని మేకలు పోతే పులిది గెలుపో మొదలుపెట్టక ముందే ఒప్పుకోండి, ఐదు అనుకుంటే ఆట మరీ సాగిపోదు, తగవూ ఉండదు.

కొత్తగా మేకలు ఆడేవాళ్లు మధ్యలో పెట్టి పోగొట్టుకుంటారు. పక్క గీతల నాలుగు మూలలు, కింది గీత రెండు కొసలు, ఈ ఆరింటిలో ఉన్న మేకను ఏ పులీ కొట్టలేదు, వాటికి అవతల తిన్నగా దిగే చుక్క లేదు. ముందు వాటిని నింపి, తర్వాత లోపలికి జతలు జతలుగా రండి.

ఎండాకాలం బండ సందకాడ దాకా సెగలు కక్కుతుంది. నీళ్లు చల్లి, ఆరాక గీయండి. సుద్ద చెరిగిపోతుంటే తెల్ల పెయింటుతో శాశ్వతంగా గీసేయండి. రోజూ గీయాల్సి వస్తే నాలుగో నాటికి మానేస్తారు, గీత కళ్లముందుంటే అన్నం తిన్నాక కాళ్లు అటే పోతాయి.

సెల్‌ఫోన్లు లోపలే ఉండాలి. ఎత్తు వేసే లోపు ఒక మెసేజ్ చూస్తే ఎదుటివాళ్లకు ఆట మీద ఆసక్తి పోతుంది. పేరులో జూదం ఉన్నా డబ్బు మాత్రం పెట్టకండి, రూపాయి వచ్చిన చోట గెలుపే మిగిలి ఆట పోతుంది. ఒక ఆట అయ్యాక పులులు, మేకలు మార్చుకోండి. ఇంట్లో అత్తా కోడళ్లు, తాతా మనవళ్లు ఎదురెదురుగా కూర్చునేటప్పుడు మొదటి వారం మాత్రం మేకలు తెలిసినవాళ్లకే ఇవ్వండి, పులిని నడపడం కొత్తవాళ్లకు తేలిక.