సంక్రాంతి వెళ్లాక రేడియేషన్ మొదలుపెట్టే ఆయాసం పేషెంట్లకు జాగ్రత్తలు

"పండగ వెళ్లనీండి, ఆ తర్వాత చూద్దాం" అని ఊపిరితిత్తుల క్యాన్సర్ రేడియేషన్‌ని వాయిదా వేసే ఇళ్లు గుంటూరు, విజయవాడల్లో తక్కువేం కాదు. డాక్టర్ ఒప్పుకోకుండా వాయిదా వేయకండి. సరే, జనవరి చివర్లో మొదలైందనుకుందాం. మామూలు పద్ధతిలో అయితే వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు, అంటే మార్చి మొదట్లో అయిపోతుంది. అందరూ హమ్మయ్య అనుకుంటారు. సీవోపీడీ లాంటి పాత ఆయాసం ఉన్నవాళ్లను కనిపెట్టుకుని ఉండాల్సింది మాత్రం అప్పటి నుంచే.

రేడియేషన్ వల్ల ఊపిరితిత్తుల్లో వచ్చే వాపును న్యుమోనైటిస్ అంటారు. అది ఎక్కువగా చికిత్స అయిపోయిన ఒకటి నుంచి మూడు నెలల్లో బయటపడుతుంది, ఆరు నెలల దాకా కూడా రావచ్చు. పొడి దగ్గు, కొద్దిగా జ్వరం, నాలుగు మెట్లెక్కితే ఇదివరకు లేనంత ఆయాసం. మన లెక్కలో అది ఏప్రిల్, మే. గుంటూరు మిర్చి యార్డు టిక్కీలతో (మిర్చి బస్తాలతో) నిండి, అటు పక్కగా వెళ్తే మామూలు మనిషికే దగ్గు తెరలు వచ్చే రోజులు. పెద్దాయన దగ్గితే "ఘాటు పడలేదులే" అంటారు ఇంట్లోవాళ్లు. వీధి చివర ఆర్ఎంపీ యాంటీబయాటిక్ రాస్తాడు. అలా వారం, పది రోజులు పోతాయి. న్యుమోనైటిస్ అయితే ముందు సీటీ తీసి, ఇన్‌ఫెక్షన్, టీబీ కాదని చూసుకుని స్టెరాయిడ్ మొదలుపెడతారు. డోసు మెల్లగా తగ్గిస్తూ కొన్ని వారాలు వాడాలి. తగ్గింది కదా అని మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది.

అందుకే చికిత్స చివరి రోజున ఒక కాగితం అడిగి తీసుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవలో చేయించుకున్నా, డబ్బు కట్టి చేయించుకున్నా సరే. ఏ వైపు, ఎన్ని గ్రే (రేడియేషన్ డోసు కొలత), ఎన్ని సిట్టింగులు, చివరి తేదీ ఏది అన్నది అందులో ఉండాలి. ఫోటో తీసి పెద్దాయన ఫోన్లోనూ, కొడుకు ఫోన్లోనూ ఉంచండి. దగ్గుకని ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా మొదట అదే చూపించండి.

ఇక మొదలుపెట్టే ముందు సంగతులు. గొట్టంలోకి ఊదించే పీఎఫ్‌టీ పరీక్షలో అంకెలు తక్కువ వచ్చాయని బెంబేలెత్తొద్దు. ఊపిరి చాలక ఆపరేషన్ కుదరని చాలామందికి దారి రేడియేషనే. గడ్డ చిన్నదై, తొలి దశలో ఉంటే ఎస్‌బీఆర్‌టీ, అంటే గడ్డకే గురిపెట్టి ఎక్కువ డోసు ఇచ్చే పద్ధతిలో సాధారణంగా మూడు నుంచి ఐదు సిట్టింగుల్లో అయిపోతుంది. ఆయాసం ఉన్నవాళ్లు కూడా దాన్ని బాగానే తట్టుకుంటారు. అసలు భయపడాల్సింది ఐఎల్‌డీకి, అంటే ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడే జబ్బుకి. అది ఉన్నవాళ్లలో న్యుమోనైటిస్ ప్రాణం మీదికి తేవచ్చు. "సీటీలో ఐఎల్‌డీ ఏమన్నా ఉందా డాక్టర్‌గారూ" అని నోరు తెరిచి అడగండి. నా దృష్టిలో మీరు అడగాల్సిన ప్రశ్నల్లో అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

ఎవరూ ముందు చెప్పని ఇబ్బంది ఇంకోటుంది. మెషిన్ బల్ల మీద వెల్లకిలా, చేతులు తల పైకెత్తి, పదిహేను ఇరవై నిమిషాలు కదలకుండా పడుకోవాలి. రాత్రుళ్లు మూడు దిండ్లు వేసుకుని పడుకునే మనిషికి అది నరకం. వారం ముందు నుంచే ఇంట్లో చాప మీద రోజూ కాసేపు అలవాటు చేయించండి. అయినా కుదరకపోతే సిమ్యులేషన్ రోజునే చెప్పాలి. ఎలా పడుకోవాలన్నది ఖాయం చేసి, ఒంటి మీద గుర్తులు పెట్టేది ఆ రోజే. ఇన్‌హేలర్ ఏ రోజూ మానొద్దు, పీల్చాక నోరు పుక్కిలించాలి.

చుట్ట, బీడీ ఈ రోజుతోనే బంద్. "ఇప్పుడు మానేసి ఏం లాభం" అంటారు, లాభం ఉంది. ఫ్లూ, న్యుమోనియా టీకాలు ఎప్పుడు వేయించాలో ముందే అడగండి. గడ్డ ఛాతీ మధ్యలో ఉంటే రెండు మూడు వారాలకు మింగుతుంటే మంట మొదలవుతుంది. పెరుగన్నం, చల్లారిన రాగి జావ, మెత్తటి ఇడ్లీ పెట్టండి. గుంటూరు మనిషికి కారం వద్దని చెప్పడం తేలికే, వినేది ఎవరు! మంట తగ్గేదాకా ఆవకాయ జాడీ కంటికి కనపడనివ్వకపోవడమే మేలు. పోపు వేసేటప్పుడు ఆయన్ని వంటింటికి దూరంగా కూర్చోబెట్టండి.

ఇంట్లో ఆక్సిజన్ మెషిన్ ఉంటే దీపం, అగరుబత్తి, దోమల చుట్ట ఆ గదిలో వెలిగించొద్దు. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటర్లో 90 కనపడగానే కంగారుపడి నాబ్ తిప్పేయకండి. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ నిలిచిపోయే సీవోపీడీ మనుషులకు 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు, ఎక్కువ ఇస్తే మత్తుగా పడిపోతారు. మీ మనిషికి ఎంత ఉండాలో డాక్టర్‌తో ఆ కాగితం మీదే రాయించుకోండి. మామూలుగా ఉండే అంకె కంటే మూడు నాలుగు పడిపోయినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా, కళ్లెలో రక్తం కనపడినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. వచ్చినవాళ్లకు ఆక్సిజన్ పెట్టకముందే కాగితం మీద రాయించుకున్న ఆ అంకె చూపించండి.