బీబీఏ పిల్లలకు కార్మిక సంబంధాలు ఎలా బోధించాలి?

చట్టంలోని సెక్షన్లతో మొదలుపెడితే మూడో రోజుకే వెనక బెంచీలన్నీ ఫోన్లలో మునిగిపోతాయి. 2025 నవంబరు 21న పాత చట్టాల స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చాక పాత నోట్సుకు ఎలాగూ కాలం చెల్లింది. అందుకే నేను ముందు ఒక సమ్మె కథ చెబుతాను.

తెలంగాణ ఆర్టీసీ సమ్మె అందుకు బాగా పనికొస్తుంది. 2019 అక్టోబరు 5న మొదలై 52 రోజులు నడిచింది. దాదాపు 48 వేల మంది కార్మికులు, 26 డిమాండ్లు. ఇప్పటి పిల్లలు అప్పుడు బడిలో ఉన్నారు, దసరా సెలవులు పొడిగించడం చాలామందికి గుర్తే. పాత పేపర్ల కటింగులిచ్చి తేదీల వరుస రాయించండి. తర్వాత ఒక్కటే ప్రశ్న: ప్రధాన డిమాండు ప్రభుత్వంలో విలీనం కదా, దానికి సరేననే అధికారం ఆర్టీసీ యాజమాన్యానికి ఉందా? ఈ చర్చకే ఒక పీరియడ్ సరిపోదు.

ఆ తర్వాత బేరం ఆడించండి. 400 మంది పనిచేసే బిస్కెట్ ఫ్యాక్టరీ అనుకుందాం. ఎవరు ఏ పక్షమో చీటీలు తీసి తేల్చండి, లేకపోతే క్లాసంతా హెచ్ఆర్ మేనేజర్లే! యూనియన్ నెలకు 3,000 పెంచమంటుంది, కానీ 1,800కి దిగొచ్చని వాళ్ల చీటీలో ఉంటుంది. యాజమాన్యం చీటీలో 2,000 దాటొద్దని ఉంటుంది. ఒకరి చీటీ ఒకరికి చూపకండి. ఇద్దరిని రాజీ అధికారులుగా కూర్చోబెట్టండి.

చట్టం అవసరం వచ్చినప్పుడు తీయండి. "రేపటి నుంచే సమ్మె!" అని ఎవరో ఒకరు బల్ల గుద్దుతారు. కోడ్ తెరవాల్సింది అప్పుడే. నోటీసిచ్చాక 14 రోజులు ఆగాలి. పాత చట్టంలో ఈ నిబంధన రైల్వే, కరెంటు, నీళ్ల వంటి ప్రజోపయోగ సేవలకే ఉండేది, ఇప్పుడు పారిశ్రామిక సంస్థలన్నిటికీ వర్తిస్తుంది. రెండు యూనియన్లు పోటీపడితే 51 శాతం సభ్యత్వం సంగతి చెప్పండి, అంత బలమున్న యూనియనే కార్మికుల తరఫున ఏకైక చర్చల ప్రతినిధి.

ఒప్పందం మాత్రం కాగితం మీద రాయించాల్సిందే. ఒకసారి మా క్లాసులో యూనియన్ జట్టు గెలిచామని చప్పట్లు కొట్టింది. కాగితం చూస్తే, క్యాంటీన్ డిమాండు ఎదురుగా "సానుకూలంగా పరిశీలిస్తాం" అని ఉంది. ఎప్పటిలోగా? ఎవరు? ఏమీ లేదు. సంతకాలు మాత్రం ఉన్నాయి. యాజమాన్యం వైపున్న అమ్మాయి నవ్వాపుకోలేక, "పరిశీలించాం సార్, కుదరదు" అంది.

అప్పటినుంచి ఎవరు ఎక్కువ రాబట్టారన్నదానికి మార్కులివ్వడం మానేశాను. ఒప్పందాన్ని పక్క జట్టుకిచ్చి, జారిపోవడానికి వీలున్న మాటలన్నిటి కింద ఎర్ర పెన్నుతో గీత గీయమంటాను. ఒక్కో గీతకు ఒక మార్కు కోత.