కొత్త సరుకును వాడి చూడటం ఎలా? సీరం నుంచి వైన్ దాకా

పోయిన ఉగాదికి ఇల్లు దులుపుతూ బీరువా కింది అర తెరిస్తే పదిహేడు సీసాలు, ట్యూబులు బయటపడ్డాయి. అన్నీ సగం వాడి వదిలేసినవే. వాటిలో ఏది బాగుంది, ఏది పడలేదు అంటే చెప్పలేను. ఒక సాయంత్రం బీసెంట్ రోడ్డులో సీరం (ముఖానికి చుక్కలుగా రాసుకునే పలుచటి మందు లాంటిది), కొత్త సబ్బు, రాత్రి పూసుకునే క్రీము కలిపి కొన్నాను. ఆ రాత్రే మూడూ వాడాను. మూడో రోజుకు బుగ్గలు ఎర్రబడి మంట. తప్పు ఏ ఒక్కదానిదో తెలియదు కాబట్టి మూడింటికీ శిక్ష పడింది. వాటిలో రెండు ఏ పాపం ఎరగనివే అయి ఉండాలి.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. విజయవాడలో ఉండే నేను, గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా వదిన ఇద్దరం ఈ పద్ధతే పాటిస్తున్నాం.

ముందు పద్దు, ఆ తర్వాతే కొనుగోలు

నెలకు ఇంత అని పక్కన పెట్టుకోండి. మాది 500 రూపాయలు. ఆ డబ్బుతో కొత్తది ఏదైనా కొనవచ్చు: ఎప్పుడూ తాగని కాఫీ పొడి, పేరు వినని చిరుతిండి, కొత్త షాంపూ. నచ్చకపోయినా బాధ ఉండదు, ఆ డబ్బు పోయేదేనని ముందే అనుకున్నాం కదా. అయితే ఒకసారికి ఒక్కటే. ముఖానికి రాసేది అయితే ఒకదానికీ మరొకదానికీ మధ్య కనీసం రెండు వారాలు ఆగండి. పెళ్లికో గృహప్రవేశానికో వారం ముందు మాత్రం ఏదీ మొదలుపెట్టకండి. ఫొటోల్లో మిగిలిపోయేది ఆ దద్దురే.

చిన్నది కొనండి, లేదా పంచుకోండి

షాంపూను చిన్న ప్యాకెట్లో పెట్టి అమ్మవచ్చని దేశానికి చూపించింది పక్కనున్న తమిళనాడు కడలూరు వాళ్లు. పెద్ద సీసా కొనే ముందు నాలుగు ప్యాకెట్లు వాడి చూడటం ఇప్పటికీ అన్నిటికంటే చవకైన పరీక్ష. ప్యాకెట్ దొరకనివి ఇద్దరు కలిసి కొనుక్కోవచ్చు. కాఫీ పొడి, టీ ఆకు, చాక్లెట్ నేనూ వదినా చెరిసగం పంచుకుంటాం. కాటుక, మస్కారా, లిప్‌స్టిక్ మాత్రం ఎంత దగ్గరివాళ్లతోనైనా పంచుకోకూడదు. కళ్ల కలక, పెదవి మీది పొక్కులు అలాగే ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. దుకాణంలో అందరూ వాడే లిప్‌స్టిక్ నమూనాను కూడా పెదవికి తాకించకండి, వేలి కొసన రాసుకుంటే రంగు తెలుస్తుంది. ముఖమంతా ఒకే రంగులో కనిపించడానికి పూసే ఫౌండేషన్ అయితే దవడ అంచున చిన్న గీత గీసి, కొట్టు బయటికి వచ్చి పగటి వెలుగులో చూసుకోవాలి. లోపలి దీపాల కింద ఎవరి రంగైనా ఒకలాగే ఉంటుంది.

సెంటు కొనేటప్పుడు తొందర అసలు పనికిరాదు. చల్లుకోగానే ముక్కుకు తగిలే ఘాటు పావుగంటలో ఎగిరిపోయేది. మణికట్టు మీద ఒక్కసారి చల్లుకుని, ఏలూరు రోడ్డు వైపు నుంచి బందరు రోడ్డు వైపు నడుచుకుంటూ మిగతా పనులు చూసుకోండి. గంట తర్వాత, కాస్త చెమట పట్టాక మిగిలిన వాసనే మీతో రోజంతా ఉండేది. అప్పుడు నచ్చితే వెనక్కి వెళ్లి కొనండి. మూడు రకాలు దాటితే ముక్కు ఇక ఏదీ చెప్పదు.

అట్ట మీద ఏముందో చదవండి

తినేవాటి మీద కేంద్ర ఆహార భద్రతా సంస్థ అయిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, దాని పక్కన 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. దానికంటే పనికొచ్చేది పదార్థాల జాబితా. ఏది ఎక్కువ ఉంటే అది ముందు రాయాలన్నది నియమం. ముందువైపు రాగి కంకి బొమ్మ పెద్దగా వేసిన బిస్కెట్ ప్యాకెట్‌ను తిప్పి చూడండి. మొదట మైదా, తర్వాత చక్కెర, ఆ తర్వాత పామాయిల్, రాగి పిండి నాలుగో స్థానంలో ఉంటే మీరు కొంటున్నది మైదా బిస్కెట్లే.

సౌందర్య సామగ్రి మీద మూత తెరిచిన డబ్బా బొమ్మ, అందులో 6 లేదా 12 అంకె, పక్కన ఎం అనే ఇంగ్లీషు అక్షరం కనిపిస్తాయి. తెరిచాక అన్ని నెలలే వాడాలని దాని అర్థం. తెరిచిన రోజే ఆ తేదీని మార్కర్‌తో సీసా మీద రాసేయండి, తర్వాత ఎవరికీ గుర్తుండదు. తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు లేనివి, విదేశీ సరుకైతే దిగుమతి చేసినవారి చిరునామా లేనివి కొనకండి. వారంలో తెల్లబడతారని చెప్పే ఊరూ పేరూ లేని క్రీముల విషయంలో నేను మరీ మొండిదాన్ని. వాటిలో పాదరసమో స్టెరాయిడ్డో కలిపి అమ్మిన కేసులు అనేకం. స్టెరాయిడ్ పడితే మొదటి వారం ముఖం నిజంగానే మెరుస్తుంది. మానగానే ఎర్రబడి, మొటిమలు లేచి, మళ్లీ అదే క్రీము కోసం పరుగెత్తిస్తుంది.

మా ఎండ సంగతి

బ్లేజువాడ అని ఈ ఊరికి ఊరికే పేరు రాలేదు. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకే చోట సరుకు దాచడం కూడా పరీక్షలో భాగమే. విటమిన్ సి సీరం ఒకటి స్కూటర్ డిక్కీలో మరిచిపోయి మర్నాడు తీస్తే టీ డికాషన్ రంగులోకి తిరిగింది. అలా రంగు మారిందంటే దాని పని అయిపోయినట్టే, పారేయాలి. చాక్లెట్, లిప్‌స్టిక్ లాంటివి వేసవిలో పార్సిల్‌లో తెప్పించకండి. కరిగి మళ్లీ గడ్డకట్టిన చాక్లెట్ మీద తెల్లటి పొర కనిపిస్తే అది బూజు కాదు, పైకి తేలిన కొవ్వు. తినవచ్చు, కానీ ఆ ముక్కతో ఆ చాక్లెట్ రుచి మీద తీర్పు చెప్పకూడదు.

చర్మం మీద చిన్న పరీక్ష

కొత్త క్రీమునైనా సీరమ్‌నైనా ముందు ముఖానికి రాయకండి. మోచేతి లోపలి మడతలో, పావలా కాసంత మేర, రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు రాయండి. దురద, ఎరుపు, పొక్కులు ఏవీ రాకపోతే ముఖానికి వాడవచ్చు. వారం ఎందుకంటే, కొన్ని పడకపోవడాలు మొదటి రోజు బయటపడవు. జుట్టు రంగుకు మాత్రం రంగు వేసుకోబోయే 48 గంటల ముందు ఈ పరీక్ష తప్పనిసరి, ఏళ్ల తరబడి అదే రంగు వాడుతున్నా సరే. ఆషాఢంలో రోట్లో రుబ్బిన గోరింటాకు ఎర్రగా పండుతుంది, దాని గుణమే అంత. గంటలోనే నల్లగా పండే గోరింటాకు కోనులో జుట్టు రంగులో వాడే పీపీడీ అనే రసాయనం కలిసి ఉండే ప్రమాదం ఉంది. పిల్లల చేతులకు అది వద్దే వద్దు.

ముడతలకూ మొటిమలకూ రాసే విటమిన్ ఎ రకం రెటినాల్ లాంటివి వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టండి. పగలు బయటికి వెళితే సన్‌స్క్రీన్, అదీ ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత. గర్భిణులు రెటినాల్ జోలికి పోకూడదు. కాస్త చిమచిమలాడి తగ్గిపోవడం వేరు, మంట నిలిచిపోవడం వేరు. రెండోది అయితే కడిగేసి మానేయండి. ముఖం వాచినా ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికే. ఇవేవీ లేకపోతే నెల రోజులు ఓపిక పట్టాలి, చర్మం పైపొర మారడానికి ఇంచుమించు అంత కాలం పడుతుంది. మూడో రోజున అద్దంలో తేడా కనిపించిందంటే అది మన ఆశ.

నోటితో చూసేవి

ఆవకాయ అన్నం తిన్న నోటితో దేన్నీ రుచి చూడకండి. మిరప మంట నీళ్లకు పోదు, మజ్జిగకు పోతుంది. కనీసం గంట గడిచాక మొదలుపెట్టండి.

కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి చూడటం మంచి అలవాటు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, దాన్ని చికోరీ కలపకుండా కాచి, ఇంట్లో రోజూ తాగే కాఫీ పక్కన పెట్టండి. ఏ గ్లాసులో ఏది పోశారో మీకు తెలియకూడదు, వేరేవాళ్లు పోయాలి. మొదట పాలు, చక్కెర లేకుండా రెండు గుక్కలు, తర్వాత మామూలుగా. మా ఆయన ఇరవై ఏళ్లుగా పొగిడే పొడి ఈ పరీక్షలో ఓడిపోయింది. ఆ గ్లాసులు మార్చేశామని ఆయన ఇప్పటికీ వాదిస్తారు.

డార్క్ చాక్లెట్‌ను నమలకండి, నాలుక మీద కరగనివ్వండి. గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల నీడన పండే కోకోతో చేసినవి దొరికితే వాటితో మొదలుపెట్టండి. 70 శాతం కోకో చేదనిపిస్తే 55కు దిగండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

వైన్ విషయానికొస్తే

మన దగ్గర వీధికొకటి 'వైన్స్' అని బోర్డు ఉంటుంది గానీ, అక్కడ అన్నిటికంటే తక్కువ కనిపించేది వైనే. ఆంధ్రప్రదేశ్‌లో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. అలవాటు లేనివాళ్లు కొత్తగా మొదలుపెట్టాల్సిన అవసరం లేదు. గర్భిణులు, మందులు వాడేవాళ్లు, బండి నడపాల్సినవాళ్లు తాగకూడదు. ఇవి పోగా, కుతూహలం ఉన్నవాళ్లకు నాసిక్ ద్రాక్షతో చేసిన తెల్ల వైన్ చిన్న సీసా మంచి ఆరంభం.

రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రత వద్ద తాగాలన్న మాట చల్లటి దేశాల గదులను చూసి పుట్టింది. వాళ్ల లెక్క 16 నుంచి 18 డిగ్రీలు. మన గది 32 ఉంటే ఆ వైన్ ఘాటుగా స్పిరిట్ వాసన కొడుతుంది. రెడ్‌ను గంటసేపు, తెల్లదాన్ని మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. గ్లాసులో మూడో వంతే పోయండి, మెల్లగా తిప్పి వాసన చూడండి, చిన్న గుక్క తీసుకుని నోరంతా తిప్పండి. మింగక ఉమ్మేయడం రుచి చూసే వృత్తివాళ్లు రోజూ చేసే పనే, సిగ్గుపడనక్కర్లేదు.

రెడ్‌లో చిగుళ్లను పట్టేసే గుణాన్ని టానిన్ అంటారు. మనకు అది పాత చుట్టమే: వక్క, పచ్చి అరటికాయ, నేరేడుపండు. మన మాటలో వగరు. వగరు ఎక్కువున్న రెడ్‌ను గోంగూర మాంసంతో పెట్టుకుంటే గుంటూరు మిరప రెట్టింపు మండుతుంది, ఆల్కహాల్ ఆ మంటను ఎగదోస్తుంది. రొయ్యల వేపుడు పక్కన చల్లటి, కాస్త తీపి ఉన్న తెల్ల వైన్ చాలా నయం. వేయించిన జీడిపప్పుతోనూ బాగుంటుంది. 750 మిల్లీలీటర్ల సీసా అంటే అయిదు గ్లాసులు. ఒక్క సాయంత్రమే ఖాళీ చేయాలని లేదు, మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు ఉంటుంది.

రాసిపెట్టుకోండి

తేదీ, పేరు, ధర, ఒక్క వాక్యం. చివర మూడు మాటల్లో ఒకటి: మళ్లీ, ఎప్పుడైనా, వద్దు. బిల్లు అదే పుస్తకంలో దాచండి. సరుకులో లోపం ఉండి దుకాణం పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు. లోపం లేకుండా నచ్చనివాటికి ఇంట్లోనే పని దొరుకుతుంది. జుట్టుకు పడని షాంపూ దువ్వెనలు కడగడానికి, ముఖానికి జిడ్డయిన క్రీము పాదాల పగుళ్లకు.

కింది అరలో ఇప్పుడు నాలుగు సీసాలే ఉన్నాయి, నాలుగింటి మీదా తేదీలున్నాయి. పుస్తకంలో ఈ నెల వరుస ఇది: కాకరకాయ చిప్స్, 60 రూపాయలు, చేదు తక్కువ, నూనె ఎక్కువ, వద్దు. మొన్న ఆదివారం వచ్చిన వదిన దాని కిందే తన పెన్నుతో రాసి వెళ్లింది: "మిగిలినవి నాకు పంపించు."