ఎరుపు, నలుపు జోడించే ముందు

ఇటుకరంగు ఎరుపుకు నలుపు కలిస్తే చీర నిండుగా ఉంటుంది. తేడా వస్తే అదీ అంతే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. గుడ్డకు కత్తెర తగలకముందే చూసుకోవాల్సినవి:

• తిరుపతి అంగళ్ల లైట్లను నమ్మొద్దు. గుడ్డను వాకిట్లోకి తెచ్చి పగటి వెలుతురులో చూడండి. లోపల నలుపనుకున్నది బయట ముదురు మెరూన్ కావచ్చు. నేనట్లాగే అంచు ఒక నలుపు, రవిక ఇంకో నలుపుతో పెళ్లికి పోయినాను.

• రంగు దిగుతుందా? అసలు సంగతి ఇదే. తెల్ల చేతిరుమాలు తడిపి ఒక మూల గట్టిగా రుద్దండి. రుమాలు ఎర్రబడితే ఆ గుడ్డను లేతరంగుతో కలిపి కుట్టించొద్దు. శ్రీకాళహస్తి కలంకారీ అయినా ఈ పరీక్ష తప్పదు. అందులో నలుపు ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసింది, ఎరుపు పటిక పట్టించిన చోట అంటుకున్నది. సోడా, బ్లీచింగ్ దగ్గరికి రానీయొద్దు. నీడలోనే ఆరేయండి.

• సగం సగం వద్దు. చీర ఎరుపైతే నలుపు అంచుకూ రవికకూ చాలు.

• నల్ల రవికకు తెల్ల లైనింగా? మెడ దగ్గర తొంగిచూస్తుంది.

• మే నెల ముహూర్తమైతే పలుచటి నూలు తీసుకోండి, నలుపు ఎండను పీల్చుకుంటుంది. పెద్దోళ్లనూ ముందే అడగండి. “శుభానికి నలుపేందిమే?” అంటే ముదురు వంకాయ రంగుతో సర్దుకోవచ్చు.

• అదే జోడీతో శుభలేఖ వేయిస్తుంటే, నల్ల అట్ట మీద ఎర్ర అక్షరాలు చదవలేరు. బంగారు రంగు పెట్టించండి.